మంగవ్వ నీడ

ఆర్మూర్ వెల్డర్ గంగాధర్ రోజూ పొద్దుగాల షాపు తెరిచేముందు పసుపు మార్కెట్ గోడ కాడ చాయ తాగుతడు. సీజన్ మొదటిరోజు గా గోడ మీద పడ్డ నీడలు మళ్ల పోవు. హమాలీలు వాటికి ఒరిగి బీడీలు తాగుతరు. ఫొటోలల్ల మాత్రం రావు.

మూడేండ్ల కింద పడ్డ నీడల్ల పెండ్లాం మంగవ్వ ఉన్నది, చేతుల కొబ్బరికాయ. పక్కన ఆయన చేసిన పసుపు ఉడకబెట్టే మిషిను, మీద వంకర పైపు. గదే యేడు వానకాలంల మంగవ్వ జరమొచ్చి సచ్చిపోయింది.

గా పైపే కొంప ముంచింది. ఎక్కడిదో కంపెనీ దానిమీద పేటెంటు తెచ్చుకొని, మీరు చెయ్యొద్దని నోటీసులిచ్చింది. గంగాధర్ షాపుకు తాళం పడ్డది, గదే మిషిను చేసే బాల్కొండ లచ్చన్న షాపుకూ పడ్డది. గంగాధర్ తానూ దరఖాస్తు పెట్టిండు గని, కంపెనీ పెట్టినంక.

"ముందుగాల దరఖాస్తు పెట్టక అందరికెందుకు చూపెట్టిండ్రు కాకా?" అన్నది వకీలు సౌమ్య.

"నలుగురు చూడంగ కొబ్బరికాయ కొట్టకుంటె అచ్చిరాదని మంగవ్వ మొండికేసింది బిడ్డా. దాని మాటిని నేను ఆగమైన."

"ఆగం కాలె. లోకం ముందే చూసినదాన్ని ఎవ్వరూ తమదని రాయించుకోరాదు. గా నీడ చూపెడితె కంపెనీ పేటెంటు పోతది. మీ దరఖాస్తు గూడ పోతది. గోడ మీది గచ్చు కోసి చెన్నై పేటెంటు ఆఫీసుకు పంపాలె. మళ్ల ఇయ్యరు."

"మిషిను నీడొక్కటే కోసుకపోరాదా?"

సౌమ్య తల దించుకున్నది. "తారీఖు మంగవ్వ నీడమీదనే తెలుస్తది. కంపెనీ దరఖాస్తు పెట్టేనాటికి ఆమె లేదు గద."

గోడ కోసేనాడు గంగాధర్ ముందుగాలనే ఆడికి పోయిండు. నోటీసు వచ్చినసంది ఆమెను ఎన్ని తిట్లు తిట్టిండో! నీడ చెంప మీద చెయ్యివెట్టి, "తప్పయింది మంగవ్వా," అని ఏడ్చిండు. కోసెటోళ్లు వచ్చినా చెయ్యి తియ్యలె. లచ్చన్నే మెల్లగ పక్కకు జరిపిండు.

ఎనిమిది నెలలకు కాగితమొచ్చింది. కంపెనీ పేటెంటు రద్దు, గంగాధర్ దరఖాస్తు గూడ రద్దు. మిషిను ఇగ ఎవ్వలైన చేసుకోవచ్చు. షాపులు తెరిచిండ్రు.

సీజన్ మొదటిరోజు లచ్చన్న తన కొత్త మిషిను తెచ్చి, గోడ కోసిన జాగ ముందల నిలిపి, కొబ్బరికాయ అందిచ్చిండు. "నువ్వే కొట్టాలె అన్నా."

గంగాధర్ కొట్టిండు. ఆయన నీడ ఉత్త ఇటుకల మీద పడి గట్లనే నిలిచింది. పొద్దుగూకేదాక ఆడనే కూసున్నడు. దాని పక్కకు మంగవ్వ నీడ రాలె.