సర్వర్‌కు కొట్టిన కొబ్బరికాయ

2012 దసరా ముందు రోజు, శంషాబాద్‌లోని మా చిన్న ఆఫీసులో ఆయుధపూజ. విమానాశ్రయం పక్కనున్న సరుకుల గోదాములకు సాఫ్ట్‌వేర్ రాస్తాం కాబట్టి మా ఆయుధం సర్వరే. దానికి పసుపు, కుంకుమ పెట్టి, మా యజమాని హరిప్రసాద్ గారు పక్కనే రాయి మీద కొబ్బరికాయ కొట్టారు. ముందు సర్వర్ ఆపాలని ఒక్కరికీ తోచలేదు. నీళ్ళు చిమ్మి జాలీలోంచి లోపలికి పోయాయి. టప్పుమంది, పొగ వచ్చింది.

మా మిషన్లలో ఎవరి ముక్క వాళ్ళకే; మేం రాసిన కోడ్ మొత్తం ఎస్‌వీఎన్ అనే పాత పనిముట్టులో, అంటే ఆ ఒక్క పెట్టెలోనే ఉంది. బ్యాకప్ డిస్కును కూడా మహానుభావులు అందులోనే బిగించారు. పండగ కాగానే ఆ సాఫ్ట్‌వేర్‌ను గోదాముకు అప్పగించాలి.

గిట్ అనే కొత్తది తీసుకుందాం, అందులో ప్రతి ఒక్కరి మిషన్‌లోనూ మొత్తం కోడ్ ఉంటుందని నా పక్క సీటు అమ్మార్ ఎప్పటినుంచో మొత్తుకుంటున్నాడు. టీమ్ లీడ్ మాధవీలత మేడం ససేమిరా అన్నారు. "రెండు పనిముట్లు పెడితే గందరగోళం. ఎవరైనా గిట్ వాడినట్టు తెలిస్తే ఆ రోజే ఇంటికి పంపిస్తాను," అన్నారు. అప్పటికే మా ఇద్దరి మిషన్లలో గిట్ పెట్టిన అమ్మార్ భయపడి తనది తీసేశాడు. దానికి అలవాటుపడిన నేను మాత్రం దొంగచాటుగా వాడుతూనే ఉన్నాను.

ఇప్పుడు ఆ పొగ చూసి మేడం కుర్చీలో కూలబడ్డారు. మా చేను ఎయిర్‌పోర్టు కింద పోయాక ఇంటికి ఆసరా ఈ ఉద్యోగమే. చెబితే అది పోతుంది. చెప్పకపోతే ఆఫీసే మూతపడుతుంది.

"జర చెప్పు సునీతా," అని అమ్మార్ గొణిగాడు.

"మేడం... కోడ్ నా మిషన్ల ఉంది. గిట్‌ల పెట్టుకున్న. తప్పయింది."

మేడం లేచి నిలబడ్డారు. ఇక అయిపోయిందనుకున్నాను.

"ఎప్పటివరకు ఉంది?"

"ఇయ్యాల పొద్దటి దాక."

ఆమె ఇంకేదో అనేలోపే హరిప్రసాద్ గారు హారతి పళ్ళెం, రెండో కొబ్బరికాయ పట్టుకుని సంబరంగా నా టేబుల్ వైపు వచ్చారు. "ఇగ అసలు పూజ దీనికే చెయ్యాలె!"

"ఒద్దు సార్! దగ్గరికి రాకుండ్రి!" అని అరుస్తూ మిషన్ మీద పడి రెండు చేతులతో పొదివి పట్టుకున్నాను. యజమాని మీద కేకలేశానని తర్వాతగాని తెలియలేదు.

మేడం పరుగున వచ్చి, చేతులు చాచి ఆయనకు అడ్డంగా నిలబడ్డారు.

"ముందు ఇంకో మిషన్‌లోకి కాపీ చెయ్యి సునీతా," అన్నారు వెనక్కి తిరక్కుండానే. "గిట్‌తోనే."