మేడగది నిశ్శబ్దం

కాఫీలో పంచదార వంటింట్లోనే కలిపేసి, చెంచా తీసి గట్టు మీద పెట్టి, గ్లాసు మాత్రం పట్టుకుని మేడ మెట్లెక్కింది సత్యవేణి. చెంచా గ్లాసులో ఉంటే మొగుడు నాగరాజు మీటింగులో టింగుమంటుంది. ఒకసారి అలాగే అయింది. అతను హెడ్‌ఫోను కాస్త పక్కకు జరిపి చెంచా వంక చూశాడు, అంతే. ఆ రోజు నుంచి పంచదార కిందే కరుగుతోంది.

మేడగది తలుపును మోచేత్తో తోసింది. చప్పుడు లేదు. బందులకు కొబ్బరినూనె రాసింది ఆమే. నాగరాజు తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండా, గ్లాసు ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాడు. పెట్టి, తలుపు దగ్గరగా వేసి దిగింది.

ఆమె ఆఫీసు భోజనాల బల్ల చివర. ఒక పక్క వంటిల్లు, ఒక పక్క పెరటి గుమ్మం, వెనక అత్తగారి టీవీ. కరోనా రోజుల్లో హైదరాబాదు నుంచి ముక్తేశ్వరం వచ్చేసినప్పుడు మేడగది ఎవరిదన్న మాటే రాలేదు. సామాను దించుతుండగానే అత్తగారు రాజేశ్వరమ్మ "అబ్బాయి కంప్యూటరు పైన పెట్టండర్రా" అంది. కోడలిది ఎక్కడ పెట్టాలో ఎవరూ అనలేదు కాబట్టి అది బల్ల మీదే ఉండిపోయింది. అన్నాల వేళకు తీస్తుంది, ఎంగిలి తుడిచాక మళ్ళీ పెడుతుంది.

ఇద్దరిదీ ఒకటే కంపెనీ, ఒకటే మేనేజరు. వచ్చే నెల నుంచి అందరూ హైదరాబాదు ఆఫీసుకు రావాల్సిందేనని కబురొచ్చింది. ఇంటి నుంచే చేస్తామనేవాళ్ళు కారణం చెప్పుకోవచ్చన్నారు. మొగుడూ పెళ్ళాం ఒకే కారణం చెప్పుకున్నారు: చిన్నపిల్ల, పెద్దావిడ. అతనికి సరేనన్నారు. ఆమెకు కుదరదన్నారు.

ఎందుకు కుదరదో మేనేజరు మేడమ్ ఫోనులో చాలా మెత్తగా చెప్పింది. ఆ వేళ పెరటి వెనక కొబ్బరితోటలో కాయల దింపు జరుగుతోంది. దింపులకొచ్చే అప్పన్న చెట్టెక్కి గెలలు నరుకుతుంటే కాయలు ధబీధబీమని పడుతున్నాయి.

"మీ పనికి వంక పెట్టడం లేదు సత్యవేణీ. కానీ మీరు మాట్లాడితే వెనక ఎప్పుడూ ఏదో ఒకటి. అదిగో, ఇప్పుడు కూడా. కుక్కరు, టీవీ, ఎవరో టీ అడగడం. అమెరికావాళ్ళు ఏమిటా చప్పుడని అడుగుతున్నారు. నాగరాజుదీ ఆ ఇల్లే కదా? ఆయన మాట్లాడుతుంటే గుళ్ళో ఉన్నట్టు ఉంటుంది. ఆఫీసుకొస్తే మీకూ కాస్త ప్రశాంతంగా ఉంటుందనుకోండి."

సరేనండీ అని పెట్టేసింది. పెరట్లోంచి అప్పన్న "అమ్మగారూ, టీ నీళ్ళేమన్నా ఇప్పిస్తారాండీ?" అని కేకేశాడు. ఆయ్, ఇదిగో అంటూ లేచింది.

అన్నాల దగ్గర విషయం చెప్పింది. రాజేశ్వరమ్మ మజ్జిగ వంచుకుంటూ, "పోన్లేమ్మా. వాడికొచ్చింది కదా, అదే పదివేలు. నువ్వు మానేస్తే సరిపోతుంది. ఎలాగూ ఇంట్లోనే ఉంటావు" అంది. అందులో చెడు ఉద్దేశం లేదు. ఆవిడ మాటల్లో ఎప్పుడూ ఉండదు.

నాగరాజు నవ్వేడు. "నీకూ రెస్టు దొరుకుతుంది సత్యా. అయినా ముందు నుంచీ కాస్త ప్లాన్‌గా ఉండాల్సింది. నన్ను చూడు, నా మీటింగులో ఏనాడైనా చీమ చిటుక్కుమందా?"

సత్యవేణి అతని కంచంలో ఇంకాస్త పప్పు వేసింది. గరిటె కంచానికి తగలకుండా వేసింది. చేతులు అలా అలవాటు పడిపోయాయి.

ఆ పూట నుంచి ఆమెకు కుళ్ళు పట్టుకుంది. జీతం మీద కాదు, మేనేజరు దగ్గర అతనికున్న మంచిపేరు మీదా కాదు. అతని కుర్చీ మీద. కుర్చీలో వెనక్కి వాలి ఒళ్ళు విరుచుకునే తీరు మీద. మీటింగు మధ్యలో ఆలోచనకోసం కిటికీలోంచి కొబ్బరాకుల వంక చూస్తాడే, ఆ తీరిక మీద. హెడ్‌ఫోను నొక్కులు పడ్డ అతని జుట్టు మీద కూడా. ఆమె జుట్టు మీద ఆ నొక్కు ఎన్నడూ పడలేదు. ఒక చెవి ఎప్పుడూ ఇంటికి వదిలేసి ఉండాలి కదా. పాలు పొంగుతాయేమో, పాప లేస్తుందేమో, గుమ్మంలోకి ఎవరొచ్చేరో. పక్కింటి సూర్యకాంతం వచ్చి "పనిలో ఉన్నావా అమ్మాయ్, ఒక్క మాటలే" అని బల్ల ఎదురుగా కూర్చుంటే లేవమనడం కుదరదు. మేడ మెట్లు మాత్రం సూర్యకాంతం ఏనాడూ ఎక్కలేదు. అబ్బాయి పనిలో ఉన్నాడు కదా.

మర్నాడు అతను స్నానానికి దిగినప్పుడు సత్యవేణి పైకెళ్ళింది. తలుపు వేసుకుని ఆ కుర్చీలో కూర్చుంది. ఎప్పుడూ దులపడానికి వచ్చిన గదే, కూర్చోవడం ఇదే మొదలు. చెవులు రిక్కించి విన్నది. ఏమీ లేదు. తన శ్వాస తనకు వినిపించింది.

ఎందుకుంటుంది? స్టవ్వు మీద కుక్కరు కూత పెట్టే ముందే కట్టేసి వచ్చింది. పాపకు చేతిలో జంతిక పెట్టి "నాన్న పనిలో ఉన్నారు" అని పెదాల మీద వేలు పెట్టి వచ్చింది. అత్తగారి టీవీ తగ్గించి వచ్చింది. అతని మీటింగు ఉన్న పూట దింపు తోట అవతలి కొస నుంచి మొదలెట్టమని అప్పన్నకు చెప్పేది తనే. ఇవతలి చెట్లు తన మీటింగు వేళకు మిగిలేవి. ఇంట్లో చప్పుడు ఎక్కడికీ పోదు. మేడ మీద నుంచి పోగుచేసి, కిందికి తెచ్చి, తన బల్ల దగ్గర పోసుకుంటూ వచ్చింది. మేడమ్‌కు గుళ్ళో ఉన్నట్టు అనిపించిన నిశ్శబ్దం తను చేసిందే. మెచ్చుకోలు అతనికి వెళ్ళింది.

కుళ్ళు తగ్గలేదు. అది ఎవరి మీదో మాత్రం ఇప్పుడు సరిగ్గా తెలియలేదు.

ఆ సాయంత్రం వరండాలో చెప్పింది. "నేను ఆఫీసుకెళ్తానండీ. అమీర్‌పేటలో హాస్టలు మాట్లాడుకున్నాను. శుక్రవారం రాత్రి బస్సెక్కి వస్తుంటాను."

నాగరాజు ఫోను పక్కన పెట్టాడు. "వేళాకోళమా? మరి పాప? అమ్మ? తోట?"

"మీరు ఇంట్లోనే ఉంటారు కదండీ" అంది సత్యవేణి.

ఆ మాట ఆ ఇంట్లో కొత్తది కాదు. అతనికి చెప్పడమే కొత్త. రాజేశ్వరమ్మ వత్తులు చేసుకుంటున్న చెయ్యి ఆపి కోడలి వంక చూసింది. దూది మళ్ళీ వేళ్ళలోకి తీసుకుంది.

హైదరాబాదులో ఆమెకు ఒక కుర్చీ ఇచ్చారు. మొదటి రోజంతా ఒక చెవి ఖాళీగా వదిలేసుకుని కూర్చుంది, ఎవరూ పిలవలేదు. పాప మీద బెంగతో రెండు పూటలా అన్నం సహించలేదు. ఆ తర్వాత రెండు చెవులకూ హెడ్‌ఫోను పెట్టుకుంది.

ఆ వారం అందరూ కలిసే మీటింగు నడిపే వంతు ఆమెది. నాగరాజు పేరు పిలిచింది. అతను గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. రెండు మాటలు చెప్పేడో లేదో, ధబీమని కాయలు పడ్డాయి. ఇవతలి చెట్ల మీద నుంచే. వెనక కుక్కరు కూత. దాని మీద రాజేశ్వరమ్మ గొంతు: "ఒరే నాగరాజూ, పాలు పొంగిపోతున్నాయిరా." పెరట్లోంచి అప్పన్న: "బాబుగారూ, టీ నీళ్ళేమన్నా ఇప్పిస్తారాండీ?"

"నాగరాజూ, ఎక్కడున్నారు? సంతలోనా?" అంది మేనేజరు మేడమ్.

"లేదు మేడమ్, ఇంట్లోనేనండీ. ఆ గదిలోనే."

అప్పుడే పాప గొంతు, చాలా దగ్గరగా, ఒళ్ళో ఎక్కి కూర్చున్నట్టు: "నాన్నా, జడ వెయ్యవా?"

ఆ పిలుపు ఇన్నాళ్ళూ సత్యవేణిది. ఇప్పుడది అందుకుంటున్న మొగుడి మీద మళ్ళీ కుళ్ళు పుట్టింది.

"ఎవరైనా ఆయన్ని మ్యూట్ చెయ్యండి" అంది మేడమ్.

మీటింగు నడిపేది తను కాబట్టి ఆ మీట తన దగ్గరే ఉంది. చెయ్యి దానంతట అదే దాని మీదికి వెళ్ళింది. పాప ఇంకోసారి పిలిచింది. సత్యవేణి చెయ్యి వెనక్కి తీసుకుంది. పక్కనున్న కాఫీలో పంచదార వేసి, చెంచా గ్లాసుకు తగిలేలా, తీరిగ్గా కలుపుకుంది.