అంటీముట్టని పిండి

వకుళ గోధుమ మానేసిన మర్నాడు పొద్దున్న, అద్దానికి అంటించిన బొట్టుబిళ్ళలన్నీ నేలమీద రాలి ఉన్నాయి. ఊడ్చబోతే అవి చీపురుకీ అంటుకోవు, చేటకీ అంటుకోవు. పక్కకి జరిగి ఆమెకే దారిస్తాయి. వకుళ వాటి జోలికి పోకుండా వెళ్ళి పాలు కాస్తుంది.

తప్పు డాక్టరుదని అనడానికి లేదు. "గ్లూటెన్ మానేయాలమ్మా" అన్నాడాయన. ఆమె అర్థం కానట్టు చూస్తే, "అదే, గోధుమపిండిలో జిగురు. ఆ జిగురు మీ ఒంటికి పడదు" అని విడమరిచి చెప్పాడు. ఏం తినాలో ఆమె అడగలేదు. డాక్టర్ని అడగాల్సినవన్నీ మనకి మెట్లు దిగాకే గుర్తొస్తాయి.

ఇంటికొచ్చి వకుళ చేసిన పనే కొంపముంచింది. కాశీ వెళ్ళినవాళ్ళు కాయో పండో వదిలేసినట్టు తనూ పద్ధతిగా వదలాలనుకుంది. వాళ్ళ నాయనమ్మ కాశీలో కాకరకాయ వదిలింది, జన్మలో ఎన్నడూ కాకరకాయ ముట్టని మనిషి. వకుళ అలా దొంగలెక్క వేయలేదు. దీపం పెట్టి, కళ్ళు మూసుకుని, "ఈ రోజుతో జిగురు వదిలేశాను స్వామీ" అంది. ఏ జిగురో చెప్పడం మర్చిపోయింది. దేవుడు మాత్రం చెప్పింది చెప్పినట్టే విన్నాడు.

అందుకని ఈ ఆదివారం క్యాలెండరు గోడ దిగి కుర్చీలో కూర్చుని ఉంది. డబ్బాల మీది చీటీలు ఊడిపోవడంతో ఏది ధనియాలో ఏది మిరియాలో వాటికే తెలియడం లేదు. మద్దిలేటి నేలకి బెత్తెడు ఎత్తున నిలబడి పేపరు చదువుతున్నాడు.

మద్దిలేటి ఆమె భర్త. కర్నూలు వైపు మనిషి, ఉద్యోగం కోసం బెజవాడ వచ్చాడు. మొదటినుంచీ అంటీముట్టనట్టు ఉండే మనిషి కాబట్టి వకుళ వెంటనే పోల్చుకోలేదు. కాఫీ ఇవ్వబోతే చెయ్యి మామూలుకంటే పైకెత్తాల్సి వస్తుంది. అప్పుడు చూస్తుంది.

"ఏవండీ, మీరు నేలమీద లేరు."

ఆయన కిందికి చూసుకుంటాడు. "అవును, లేను" అని కాఫీ తాగుతాడు.

వకుళ వెళ్ళి ఫ్యాను ఆపేస్తుంది.

ఆమెకి సంగతి అర్థమవుతుంది. మద్దిలేటికి షుగరు కాబట్టి ఏళ్ళ తరబడి రాత్రిళ్ళు చపాతీలే. ఆమె ఒత్తుతుంది, ఆయన కాలుస్తాడు. ఆ ఇంట్లో మాటలంటూ ఉంటే ఆ కాసేపే, పొయ్యి దగ్గర. నిన్న చపాతీలు లేవు. ఇద్దరూ చెరో గదిలో తిన్నారు, తెల్లారేసరికి ఆయన బెత్తెడు లేచాడు. ఇలాగే పోతే కిటికీలోంచి వెళ్ళిపోతాడు. ఈయన వెళ్ళిపోతే ఆ ఇంట్లో తనని పేరుపెట్టి పిలిచేవాళ్ళుండరు. వకుళకి నిజంగా భయం వేస్తుంది.

గోధుమ కాకుండా జిగురున్న పిండి ఏదైనా దొరక్కపోతుందా అని సంచీ తీసుకుంటుంది. మద్దిలేటి చిటికెనవేలుకి తన కొంగు ముడివేసి, ఆయన్ని వెంట తీసుకుని సరుకులకి బయల్దేరుతుంది.

పక్కింటి కాంతారావు గారు గేటు దగ్గర ఎదురవుతారు. "ఏంటమ్మా, మీ ఆయన్ని కొంగుకి కట్టేసుకున్నావు! ఆయన కాళ్ళు కూడా నేలమీద నిలవట్లేదే, ప్రమోషనా?"

"కాదండీ. గోధుమ మానేశాం."

"అదా! మేం పంచదార మానేసినప్పట్నుంచి మా ఇంటికి చీమలు పలకరింపుకైనా రావట్లేదు" అని ఆయన లోపలికి వెళ్ళిపోతారు.

సామ్రాజ్యం గారి కిరాణా కొట్టు మామూలుగా అగ్గిపెట్టంత. ఈ రోజు వకుళ లోపలికి నడిచేకొద్దీ అది ఇంకా లోపలికి పోతోంది. గోధుమపిండి, మైదా, బొంబాయి రవ్వ, సేమియా వరసగా గోడవైపు తిరిగి నిలబడి ఉన్నాయి. బిస్కెట్లు ముఖం చాటేస్తున్నాయి. ఒకప్పుడు వారంవారం ఇంటికొచ్చిపోయిన చుట్టాలు అవన్నీ. వకుళ తల దించుకుని వాటి ముందునుంచి నడుస్తుంది.

ఇంగువ డబ్బా ఒక్కటే ఆమెని పిలుస్తుంది. "నాలోనూ ఉందమ్మా, కాస్త గోధుమపిండి. చెప్పకపోతే తప్పు."

"అయితే పులిహోరలో కూడానా?"

"పులిహోరలో కూడా."

వకుళకి అన్నిటికంటే ఈ దెబ్బే గట్టిగా తగులుతుంది. డబ్బాని ఒకసారి వాసన చూసి, తీసినచోటే పెట్టేస్తుంది.

గల్లాపెట్టె దగ్గర సామ్రాజ్యం గారు వక్క నములుతూ ఉన్నారు. గల్లాపెట్టె కూడా వకుళతో పాటే నడుస్తోంది కాబట్టి వెతుక్కునే పని లేదు.

"ఏం కావాలి వకుళగారూ?"

"జిగురుండాలండీ, గోధుమ ఉండకూడదు. మనిషిని ఆపాలి."

సామ్రాజ్యం గారు తలెత్తి ట్యూబులైటు పక్కన తేలుతున్న మద్దిలేటిని చూస్తారు. "ఎంత బరువుంటారు?"

"పొద్దుటిదాకా బాగానే ఉండేవారండీ."

"బెండకాయలున్నాయి గానీ వాటి జిగురు వేపుడయ్యేదాకే. సగ్గుబియ్యం ఏకాదశినాడే పనిచేస్తాయి. అన్నం మెతుకైతే శుభలేఖ కవర్లకి బ్రహ్మాండంగా అతుక్కుంటుంది. పెళ్ళయ్యాక నాది పూచీ కాదు."

వకుళ ఉట్టి చేతులతో వెళ్ళడం ఇష్టంలేక బెండకాయలు తీసుకుంటుంది. అవి సంచీలో పడుతుండగా కొంగు గుంజుతుంది. తలెత్తితే కొట్టు కప్పు బాగా పైకి పోయి ఉంది. మద్దిలేటి చెప్పులు మాత్రమే కనిపిస్తున్నాయి. కొంగు బారలు బారలుగా సాగి, పైన ఎక్కడో ముడి జారుతున్నట్టు చేతికి తెలుస్తోంది.

వకుళ ఎప్పుడూ భర్తని పేరుపెట్టి పిలవలేదు. ఎవరైనా ఆయన పేరడిగితే పక్కవాళ్ళచేత చెప్పించే రకం. ఇప్పుడు "ఏవండీ" అని పిలుస్తుంది. పైన ఎందరు ఏవండీలున్నారో ఏమో, ఎవరూ పలకరు.

"మద్దిలేటీ!"

సామ్రాజ్యం గారు వక్క నమలడం ఆపేస్తారు. గోధుమపిండి కూడా ఇటు తిరిగి చూస్తుంది.

"ఏమిటికట్ల అరుస్తావు? ఈడనే ఉండా" అంటాడు పైనుంచి మద్దిలేటి.

"అక్కడేం చేస్తున్నారు?"

"పై అరలో జొన్నపిండి ఉండాది. ఎవరూ ఇంత పైకొచ్చి చూసినట్టు లేదు."

"జొన్నపిండికి జిగురెక్కడిదండీ? ఒత్తితే ముక్కలైపోద్ది."

"ఒత్తకూడదు. ఉడుకునీళ్ళు పోసి పిసికి, చేత్తో తట్టల్ల. మాయమ్మ తడతాంటే వీధి కొసకి ఇనపడతాండె."

"మీకు ఇష్టమా?"

"శానా ఇష్టం."

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదే?"

"నువ్వు చపాతీకర్ర పట్టుకోనుంటివి" అంటాడు మద్దిలేటి.

వకుళకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వస్తాయి. సామ్రాజ్యం గారి ముందు ఏడవడం బాగుండదని నవ్వేస్తుంది. పైనుంచి జొన్నపిండి పొట్లం నిదానంగా దిగివచ్చి సంచీలో కూర్చుంటుంది. వకుళ గాలిపటం దారం చుట్టినట్టు కొంగు చుట్టుకుంటూ మద్దిలేటిని ఇంటికి తెచ్చుకుంటుంది.

వంటింట్లో ఆయన కప్పుకి వీపు ఆనించి ఆగుతాడు. వకుళ ఉడుకునీళ్ళు పోసి పిండి కలిపి, స్టూలెక్కి అందిస్తుంది. ఆయన వెల్లకిలా తిరిగి కప్పు మీదే రొట్టె తట్టడం మొదలుపెడతాడు. ఆ ఇంట్లో ఇన్నాళ్ళకి ఆయన చేతులు చప్పుడు చేస్తున్నాయి. కింద ఆమె పెనం వేడిచేసి ఎదురుచూస్తుంది. ఒక ముక్క విరిగి ఆమె నెత్తిన పడుతుంది.

"పగిలిందండీ."

"పగులుతాది. తడిచేత్తో అతకల్ల. మళ్ళా పగులుతాది, మళ్ళా అతకల్ల. దీని పద్ధతే అంత."

వకుళ నీళ్ళగిన్నె తీసుకుని మళ్ళీ స్టూలెక్కుతుంది. వేళ్ళు తడుపుకుని అంచులు అతుకుతుంటే కొంగు పదేపదే అడ్డమొస్తోంది. ముడి తనే విప్పేస్తుంది. మద్దిలేటి పైకీ పోడు, కిందికీ రాడు. తట్టే పనిలో ఉన్నాడు.

రొట్టె ఆగడం లేదు. కప్పంతా పరుచుకుని కిటికీలోంచి బయటికి పోతుంది. వీధిమీద నీడ పడుతుంది. సామ్రాజ్యం గారు పట్టపగలే లైటు వేసుకుంటారు. వకుళ పగుళ్ళు అతుకుతూ అంచువెంట పోతుంది. ఆమె కాళ్ళు స్టూలుని ఎప్పుడు వదిలాయో ఆమెకి తెలియదు. మద్దిలేటి ఎక్కడో అవతలి అంచున ఉన్నాడు, కనబడడు. కానీ ఆయన తట్టే ప్రతి దెబ్బా రొట్టెలోంచి వచ్చి ఆమె అరచేతికి తగులుతోంది. తనూ అరచేత్తో తిరిగి తడుతుంది.

"వకుళా! కూరేం చేస్తావు?"

"బెండకాయ!"

కింద, ఇంటి కిటికీలోంచి బొట్టుబిళ్ళలు బయటికొచ్చి, బారులు తీరి రొట్టె మీదికి ఎక్కుతున్నాయి. ఒక్కటీ జారడం లేదు. అన్నీ మద్దిలేటి ఉన్నవైపే నడుస్తున్నాయి. వకుళ పక్కకి జరిగి వాటికి దారిచ్చి, వేలు తడుపుకుని తర్వాతి పగులు అతుకుతుంది.