మూడో కొటేషన్

నేను ఒక జెరాక్సు మిషన్ని. కాపీ తీస్తాను, ప్రింటు ఇస్తాను, స్కానూ చేస్తాను. అయినా చాలాకాలం నేను చేసిన ఉద్యోగం వేరు. ఓడిపోవడం.

సర్కారు ఆఫీసుకు ఏ వస్తువు కొనాలన్నా మూడు కొటేషన్లు ఉండాలని రూలు. మిషన్లు అమ్మే మా యజమాని సూరిబాబు ఆ మూడూ తనే రాసేవాడు. ఒకటి తన పేరున, ఇంకొకటి బావమరిది పేరున, మూడోది ఎప్పుడో మూసేసిన ఓ షాపు పేరున. కళ్లారా చూస్తేగాని సంతకం పెట్టననే ఆఫీసరు తగిలితే మూడు మిషన్లనూ ట్రాలీ ఆటో ఎక్కించుకుని బయల్దేరేవాడు. ఆ మూడోదాన్ని నేను.

నన్ను తయారుచేసినవాళ్లు ఇందుకు చేయలేదండీ. ఇంజినీర్ల పటాలు కూడా మడత పడకుండా పట్టేంత అద్దం పెట్టారు. నాలుగేళ్లు ఓ కంపెనీలో తలెత్తుకుని బతికాను. తర్వాత పాత సామానుతో కలిపి సూరిబాబు నన్ను కొన్నాడు. కాగితాలను వరసగా లాక్కునే నా పైభాగం ఊడదీసి వేరే మిషనుకు తగిలించాడు. నాకు మరో రంగు మూత తొడిగాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఏ ఆఫీసుకు తీసుకెళ్లినా ముందుగా నా ఇంకు ముదురును అట్టడుగుకు తగ్గించేవాడు. పాలిపోయిన నా కాపీ చూసి ఏడు ఆఫీసుల్లో నవ్వారు. ముదురు తగ్గించింది మనిషి, పాలిపోయానని నవ్విందీ మనిషే. నాకు ఒళ్లు మండేది.

ఎనిమిదోది ఉత్తరాంధ్రలో, సముద్రం ఒడ్డున ఓ చిన్న ఊళ్లో సర్వే ఆఫీసు. ఆఫీసరు సత్యప్రసాద్. సూరిబాబు అమ్మదలచుకున్న తెల్ల మిషన్ యాభై కాగితాలను చకచకా మింగి నిమిషంలో బయటపెట్టింది. గుమాస్తాలు చప్పట్లు కొట్టారు.

"ఇదే ఖాయం," అన్నాడు ఆఫీసరు.

అప్పుడు రికార్డు గదిలోంచి నూకరత్నంగారు వచ్చారు. ముప్పై ఏళ్లుగా ఆ గది ఆవిడదే. రెండు చేతులా పట్టుకున్న అట్ట మీద ఎనభై ఏళ్లనాటి సర్వే పటం ఉంది. దాని నకలు కోసం మైలపల్లి దానయ్య అనే జాలరి పొద్దుట్నుంచీ బల్లమీద కూర్చుని ఉన్నాడు. వాళ్ల పేట వలలు ఆరేసుకునే దిబ్బ చుట్టూ ఎవరో పెద్దమనిషి కంచె వేయించాడు. అది పేట ఉమ్మడి స్థలమని చెప్పే కాగితం లోకంలో ఇదొక్కటే. సోమవారం కోర్టులో వాయిదా.

తెల్ల మిషన్ అద్దం పటానికి చాలలేదు.

"దానికేటుందమ్మా," అన్నాడు సూరిబాబు. "మద్దెకి మడిచీసి, రెండుసార్లు తీసి అతికించీడవే."

"మడిస్తే ఇరిగిపోద్ది బాబూ. మడత సరిగ్గా దిబ్బ హద్దురాయి మీదే పడతాది. అతుకుల నకలు కోర్టులో ఎవలు నమ్ముతారు?"

ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. "ఒక్క మడతకి ఇంత రాద్ధాంతమా, రత్నంగారూ? మడవండి."

"మడవనండి."

గుమాస్తాలు తలలు దించుకున్నారు. ఆవిడ గొంతు పెంచలేదు.

"మడవమని కాయితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వండి సార్. అప్పుడు మడుస్తాను. ఎవరి మాట మీద ఇరిగిందో అదీ ఫైల్లో ఉండాల కదా."

దానయ్య కంగారుగా లేచాడు. "మా కోసరం నీ ఉజ్జోగం మీదకి తెచ్చుకోకమ్మా."

"కూకో అన్నా. ఇదే నా ఉజ్జోగం."

ఆఫీసరు పెన్ను మూత తీశాడు. కాసేపు పట్టుకుని మళ్లీ మూత పెట్టేశాడు. నిజం చెబుతున్నాను, ఆ క్షణాన ఆవిడ కోసం ఏమైనా చేయాలనిపించింది నాకు.

ఆవిడ చూపు నామీద పడింది. "ఆ మూలదాని అద్దం పెద్దదే కదా బాబూ?"

"అదా అమ్మా! అది ఊరికే తెచ్చిందండి," అనేసి సూరిబాబు నాలుక కరుచుకున్నాడు.

"ఊరికే ఏంటి? దీని కొటేషన్ నా ఫైల్లో ఉంటేనూ!" అన్నాడు ఆఫీసరు. "పెట్టవయ్యా ప్లగ్గు."

వేడెక్కడానికి నాకు మూడు నిమిషాలు పట్టింది. మొదటి కాపీ ఎప్పటిలాగే పాలిపోయి వచ్చింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నూకరత్నంగారు మాత్రం కళ్లద్దాలు సర్దుకుని, వంగి నా మీటలన్నీ చదివారు. ముదురు మీటను ఐదుసార్లు నొక్కారు.

"ఇప్పుడు తియ్యి తల్లీ," అన్నారు.

నాతో మాట్లాడిన మొదటి మనిషి ఆవిడే. ఇక ఓడేది లేదనుకున్నాను. ఉన్నదంతా పెట్టి తీశాను. హద్దురాయి, ఇసుక గీతలు, ఆనాటి సర్వేయరు చేతిరాతలో 'వలల దిబ్బ' అన్న రెండు మాటలు, అన్నీ నల్లగా నిలబడి వచ్చాయి. ఆఫీసరు పటంతో పోల్చి చూసి, సంతకం చేసి ముద్ర వేశాడు. దానయ్య ఆ నకలును కళ్లకద్దుకున్నాడు.

పటాన్ని మడవకుండా పట్టే మిషన్ ఇదొక్కటేనని నూకరత్నంగారు ఫైల్లో రెండు వాక్యాలు రాశారు. ఆ తర్వాత వేరే మిషన్ కొంటే జవాబు చెప్పుకోవాలని ఆఫీసరుకు తెలుసు. షాపు మూసేశారని సూరిబాబు చెప్పలేడు. అమ్మడం ఇష్టంలేని మిషన్ని, లేని షాపు పేరున, నవ్వుతూ అమ్మాల్సి వచ్చింది. ఆ ముఖం చూడ్డానికే పుట్టాననిపించింది.

తొమ్మిదేళ్లయింది. దిబ్బ చుట్టూ కంచె లేదు, వలలు ఆరుతున్నాయి. నూకరత్నంగారు రిటైరయ్యారు. నా దీపం మాడిపోయింది, తుక్కు సామాను జాబితాలో నా పేరూ ఎక్కింది. ఎక్కనివ్వండి, సిగ్గుపడాల్సిన పని నేనేదీ చేయలేదు.

నిన్న మళ్లీ నేనున్న హాల్లోకి మూడు కొత్త మిషన్లు వచ్చాయి. ఆవిడ దగ్గర రెండేళ్లు పని నేర్చుకున్న హైమవతి ఇంకో పాత పటం తెచ్చింది. అమ్మేవాడు మడవమన్నాడు. కొత్త ఆఫీసరూ మడవమన్నాడు.

"మడవను సార్," అంది హైమవతి. "రాసివ్వండి."

ఆ మూల నిలబెట్టిన మూడో మిషన్ వైపు చూశాను. దాని అద్దమూ పెద్దదే, మూతదీ వేరే రంగే.

వేడెక్కి ఉండు, అన్నాను.