గట్టు మీది పడవ

పట్టుచీరకు మడత మార్చినట్టు తెరచాపకు మడత మార్చే మొగుణ్ణి నందిగామ మొత్తం మీద చూడామణి ఒక్కతే చూసి ఉంటుంది. జగ్గయ్యపేట శివార్లలో, జగన్నాథరావుగారి పత్తి షెడ్డులో, గచ్చు మీద పాత దుప్పటి పరిచి కామేశం ఆ తెల్లటి చాపను మడిచాడు, విప్పాడు, మళ్ళీ ఇంకోలా మడిచాడు. పోయినేడు మడిచిన గీత మీదే మడిస్తే అక్కడే చిరుగుతుందని తనలో తను గొణుక్కున్నాడు. ఆ సంగతి చూడామణికి ఎవరూ చెప్పనక్కర్లేదు. బీరువాలో చీరలకు ఆవిడ ఎప్పుడూ చేసే పనే అది. ఆవిడకు అర్థం కానిది మడత సంగతి కాదు. ఆ చాపను ఆయన మళ్ళీ ఎప్పటికైనా విప్పుతాడా, విప్పడా అన్నది.

కామేశం విశాఖపట్నం పోర్టు ఆఫీసులో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా దిగినవాడు. ఉద్యోగమంతా ఓడల కాగితాల మధ్యే గడిచింది కానీ ఓడెక్కిన పాపాన పోలేదు. రిటైరై భార్య పుట్టిన ఊరు నందిగామలో స్థిరపడదామని వచ్చేటప్పుడు, విశాఖలోని పడవల క్లబ్బువాళ్ళు పాతబడిందని వదిలించుకుంటున్న చిన్న తెరచాప పడవనొకదాన్ని కొని, సామానుతో పాటు లారీ ఎక్కించాడు. బీరువా, మంచాలు, రుబ్బురోలు దిగాక పడవ దిగింది. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. సముద్రమున్న ఊళ్ళో కాలు తడవని మనిషి నందిగామకొచ్చి పడవెక్కుతాడా అని చూడామణి వైపు చుట్టాలు ముసిముసిగా నవ్వుకున్నారు. వాళ్ళందరికీ ఆవిడే వడ్డీతో సహా జవాబు చెప్పింది. ఆవిడకు ఆ పడవంటే ఇష్టం. ఆ మాట మొగుడి ముందు ఒప్పుకునేంత అమాయకురాలు మాత్రం కాదు.

కృష్ణలో నిండుగా నీళ్ళుండే కార్తీకంలో పడవను ట్రాక్టరు ట్రక్కులో వేసుకుని వేదాద్రి దాకా పోవడం, నరసింహస్వామికి దణ్ణం పెట్టుకుని ఆ దగ్గర్లోనే కాసేపు తిరిగి రావడం, ఇంటి పక్క సందులో దాన్ని బోర్లించి టార్పాలిన్ కప్పడం, ఇదీ ఏటా జరిగేది. ఈ ఏడు వానలు బాగా పడ్డాయి. ఇబ్రహీంపట్నం దాకా పోదామన్నాడు కామేశం. రాత్రిళ్ళు ఒడ్డు ఊళ్ళలో తెలిసినవాళ్ళ ఇళ్ళల్లో పడుకుంటూ, పగలంతా నీళ్ళ మీద పోతూ, ఇద్దరూ కొత్త దంపతుల్లా బయల్దేరారు.

చెవిటికల్లు దగ్గర కథ అడ్డం తిరిగింది. పడవ ఇసక మేటలో కూరుకుపోయింది. అంతలోనే గాలి మళ్ళి, చాప అడుగున ఉండే దూలం గిర్రున ఇటు తిరిగింది. తప్పుకోబోయిన చూడామణి మోకాళ్ళ లోతు నీళ్ళలో చతికిలబడింది. ఒడ్డున మిరపచేలో కలుపు తీస్తున్న ఆడవాళ్ళు పని ఆపి మరీ నవ్వారు. ఆవిడ నోరు విప్పిందంటే ఎక్కడ ఆగుతుందో ఆవిడకే తెలీదు. మొగుణ్ణి, పడవను, పోర్టు ఆఫీసును, చివరికి కృష్ణమ్మను కూడా కలిపి కడిగేసింది. ఏమేం అన్నదో ఇప్పుడడిగితే చెప్పలేదు. ఒట్లు కూడా పెట్టే ఉంటుంది. ఒట్టంటే ఆవిడకు మంచినీళ్ళ ప్రాయం. పాలవాడితో పేచీ వస్తే ఒట్టు, కూరలో ఉప్పు సరిపోయిందని ఒట్టు. సాయంత్రానికి చీర ఆరింది, కోపమూ ఆరింది. ఇబ్రహీంపట్నంలో దిగేసరికి ఆవిడ మిగిలిన పులిహోర ఆయనకు కొసరి కొసరి పెడుతోంది.

ఇంటికొచ్చాక ఆయన తీరే మారింది. ఈసారి పడవను సందులో పెట్టనన్నాడు. జగన్నాథరావుగారి షెడ్డు అడిగాడు. జగన్నాథరావు చూడామణి తండ్రి రోజుల నుంచీ ఆ ఇంటికి కావలసిన రైతు. షెడ్డులో ఓ మూల ఖాళీ చేయించి, "ఎన్నాళ్ళకండీ పంతులుగారూ?" అని మాత్రం అడిగాడు.

"చాన్నాళ్ళకే" అన్నాడు కామేశం.

ఆ మాట చూడామణి చెవిన పడింది. అక్కడి నుంచి ఆవిడ మనసు మనసులో లేదు.

పోనీ ఇంక చాలనుకున్నాడంటే, చాలనుకున్నవాడు చేసే పనులా ఇవి? మంచినీళ్ళతో పడవ లోపలా బయటా కడిగాడు. పాచి పట్టిన చోటల్లా కొబ్బరి పీచు పెట్టి తోమాడు. చాపను నీడన ఆరేసి, తేమ లేదని బుగ్గకు ఆనించుకుని మరీ చూశాడు. తెరచాప కొయ్యను దించి, తాళ్ళు చుట్టి, కప్పీలకు గ్రీజు పూసి గుడ్డలు చుట్టాడు. నీళ్ళు నిలవకుండా అడుగున బిరడా తీసి, అది పోకుండా చుక్కానికి దారంతో కట్టాడు. పడవ కింద పాత టైర్లు సర్ది, ఏ పక్కకూ బరువు పడకుండా చూశాడు. టార్పాలిన్ కింద గాలి ఆడటానికి వెదురుబద్దలు వంచి గూడు కట్టాడు. పిల్ల పెళ్ళికి కూడా ఈయన ఇంత ఓపిగ్గా పందిరి వేయించలేదని చూడామణికి ఒళ్ళు మండింది కూడా.

అలాగని మళ్ళీ వెళ్ళే ఉద్దేశం ఉందనుకుందామా, దానికీ ఆధారం లేదు. ఆవిడ వేసుకునే నారింజరంగు లైఫ్ జాకెట్టును జగన్నాథరావు మనవరాలు అక్షయకు ఇచ్చేశాడు. ఆ పిల్ల దిగుడుబావిలో ఈత నేర్చుకుంటోందట. ఆయన జాకెట్టు మాత్రం ఉతికి కొక్కేనికి తగిలించాడు. ఆవిడ నడుం నొప్పి కోసమని ఆయనే చేయించి పడవలో బిగించిన వీపుచెక్క కుర్చీ మరలు విప్పి, ఇంటికి తెచ్చి వరండాలో పెట్టాడు. అంటే పడవుంది, ఆయనున్నాడు, తను లేదు. చూడామణికి లెక్క ఇంతవరకే తేలింది. ఆ తేలిన ముక్క గుండెల్లో ముల్లులా దిగింది.

ఒంట్లో ఏదైనా తేడా చేసి దాస్తున్నాడేమోనని మొదట భయపడింది. ఆయన చొక్కా జేబులు తడిమింది, మందుల డబ్బా వెతికింది. ఏమీ లేదు. మనిషి శుభ్రంగా తింటున్నాడు. ఉండబట్టలేక జగన్నాథరావునే పక్కకు పిలిచి అడిగింది.

"చాన్నాళ్ళంటే ఎన్నాళ్ళనండీ మీతో అన్నారు?"

"నాకేం తెలుసమ్మా. మా పత్తి అయితే రేటొచ్చేదాకా అంటాం. పడవకి దేనికోసం ఆగాలో ఆయనకే తెలవాల" అన్నాడు ఆ పెద్దాయన, తలపాగా సర్దుకుంటూ.

ఇవాళ ఆఖరి పని. చాప మడత అయిపోయింది. చూడామణి ఇంటి నుంచి తెచ్చిన వేపాకు మడతల మధ్య వేస్తూ, అడగాలా వద్దా అని చాలాసేపు ఊగిసలాడింది. అడిగితే ఏం వినాల్సొస్తుందో. ముసలితనంలో కట్టుకున్నవాడు నువ్వు బరువయ్యావని చెబితే ఎలా తట్టుకోవడం? చివరికి ఆవిడ నోరే ఆవిడకన్నా ముందు తెగించింది.

"నేనొస్తే బరువనిపిస్తే ముందే చెప్పాల్సింది. జాకెట్టు ఊళ్ళోవాళ్ళకిచ్చి చెప్పాలా?"

కామేశం చాప వదిలేసి ఆవిడ వైపు చూశాడు. "నువ్వు బరువేంటి? ఎక్కనన్నది నువ్వేగా."

"నేనా?"

"చెవిటికల్లు దగ్గర. ఈసారికి ఎలాగో ఒడ్డు చేరితే చాలు, ఇంక జన్మలో ఈ పడవెక్కితే మీ మీద ఒట్టే అన్నావు."

"ఆ కోపంలో లక్ష అంటాను. అవన్నీ పట్టించుకుంటే కాపరాలు సాగుతాయా?"

"మిగతావి నేనూ పట్టించుకోలేదు. ఈసారి చెయ్యి పెట్టావు." ఆయన తన బట్టతల మీద ఆ చోటు ముట్టుకుని చూపించాడు. "ఇక్కడ. ఇసక కూడా అంటింది."

చూడామణి చెయ్యి వేపాకుల్లోనే ఆగిపోయింది. నోటి ఒట్టు వేరు, నెత్తిన చెయ్యి పెట్టిన ఒట్టు వేరు. అది తప్పితే ఎవరి నెత్తిన పెట్టారో వాళ్ళకే ముప్పు. అంత పనీ తనే చేసి, పులిహోర తిని, మరిచిపోయింది. ఇన్నాళ్ళూ ఆయన జేబులు వెతికిందే తప్ప తన నోటిని వెతుక్కోలేదు.

"మీరు ఒట్లు నమ్మరుగా" అంది నీరసంగా.

"నేను నమ్మను. నువ్వు నమ్ముతావు. కాశీలో వదిలేశానని సీతాఫలం వంక కన్నెత్తి చూడని దానివి." కామేశం మళ్ళీ చాప మీదికి వంగాడు. మొహం చూపించకుండా మాట్లాడటం ఆయనకు సులువు. "బతిమాలితే నువ్వెక్కుతావు, నాకు తెలుసు. తర్వాత నాకెప్పుడో ఏదో ఒకటి అవుతుంది. ఈ వయసులో అవకుండా ఉంటుందా? అప్పుడు నేను పోయింది జబ్బుతో అనుకోవు నువ్వు. పడవెక్కాను, అందుకే పోయాడనుకుంటావు. ఓదార్చడానికి నేనుండను. అందుకని ఊరుకున్నా."

"మరి మీరొక్కరూ వెళ్ళచ్చుగా."

"ఒక్కణ్ణే అయితే దానికి పడవెందుకు."

చూడామణికి ఏడుపొచ్చింది. దాచుకోలేదు, పమిటతో తుడుచుకుంటూనే ఏడ్చింది. పడవను మూట కట్టింది తన మీద అలిగి కాదు. ఆయన లేనినాడు తన మనసు కుళ్ళిపోకుండా కట్టాడు. పడవకు గాలి ఆడాలని గూడు కట్టినవాడు ఆవిడకూ అదే చేశాడు. ఇంత చేసి ఒక్క మాట చెప్పని ఈ మనిషిని తిట్టాలో, కాళ్ళకు దణ్ణం పెట్టాలో ఆవిడకు తెలియలేదు.

ముక్కు చీదుకుని లేచింది. "ఇలా రండి, వంగండి."

"ఎందుకు?"

"వంగమన్నానా?"

వంగాడు. ఆవిడ ఆయన నెత్తిన అరచెయ్యి ఆనించింది. చిన్నప్పుడు ఆడపిల్లలందరూ పొద్దున్న పెట్టిన ఒట్టును సాయంత్రం తీసేసుకునే పద్ధతే అది. "ఒట్టు తీసి గట్టు మీద పెట్టా" అని పైకే అని, పిడికిలి మూసి, గుమ్మం దాకా నడిచి, షెడ్డు బయట కాలవ గట్టు మీద ఆ పిడికిలి విప్పి వచ్చింది.

"అంతేనా?" అన్నాడు కామేశం.

"అంతే." అన్నదే కానీ ఆవిడకూ నమ్మకం కుదరలేదు. ఏడేళ్ళ పిల్లల ఒట్టుకు పనిచేసింది ఇంత పెద్దదాని ఒట్టుకు పనిచేస్తుందా? ఎవర్నడగాలి? పురోహితుణ్ణి అడిగితే నవ్వుతాడు. వచ్చే కార్తీకం దాకా ఈ అనుమానంతో ఉండటం ఆవిడ వల్ల కాదు. తేల్చుకోవలసిందేదో ఇప్పుడే, మనిషి కళ్ళెదురుగా నిలబడి ఉండగానే తేల్చుకోవాలి.

ముక్కాలిపీట లాక్కొచ్చి పడవ పక్కన వేసింది. పమిట నడుముకు దోపింది. టార్పాలిన్ పక్కకు తోసి, వెదురుబద్దల సందులోంచి, టైర్ల మీదున్న బిరడా లేని పడవలోకి ఒక కాలు పెట్టింది. కామేశం పరుగున వచ్చి మోచెయ్యి పట్టుకున్నాడు. రెండో కాలూ పెట్టింది. తన కుర్చీ ఉండాల్సిన చోట నాలుగు మరల కంతలు కనిపించాయి. వాటి మీదే కూలబడింది.

షెడ్డులోకి వస్తున్న జగన్నాథరావు గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఇదేంటమ్మా, నీళ్ళు లేని చోట పడవెక్కావు?"

చూడామణి పడవ అంచు రెండు చేతుల్తో పట్టుకుని మొగుడి మొహంలోకే రెప్ప వెయ్యకుండా చూస్తోంది. ఆయన రంగు మారలేదు. చెమట పట్టలేదు. మోచెయ్యి పట్టుకున్న చెయ్యి వణకనూ లేదు.

"ఒంట్లో ఎలా ఉంది మీకు?" అంది.

కామేశం కాస్త ఆలోచించాడు. "ఆకలేస్తోంది."

ఆవిడ ఊపిరి వదిలింది. తర్వాత జగన్నాథరావు వైపు తిరిగి, ఆ జాకెట్టు అక్షయనే ఉంచుకోమనండి, నాకు కొత్తది తెస్తారు ఈయన అని చెప్పింది. దిగడానికి మాత్రం తొందరపడలేదు.