పట్టుమీద పెచ్చుల గోడ

సన్నగా అంచు చుట్టి కుట్టడంలో పెద్దక్క చేతికి తిరుగులేదు. ఆ కుట్టుపని హాల్లో ఎంత ఖరీదైన బట్ట వచ్చినా ముందు ఆవిడ బల్ల మీదకే చేరుతుంది.

ఆ రోజు సూపర్‌వైజర్ కొత్త పట్టు స్కార్ఫులు తెచ్చాడు. "జాగ్రత్త పెద్దక్కా, గోరు తగిలినా పోగు లేస్తుంది."

ఆవిడ ఒకటి పరిచింది. దాని నిండా ఓ పాత గోడ ఫొటో అచ్చేసి ఉంది. ఊడిపోయిన గులాబీ రంగు, దాని కింద ఆకుపచ్చ, ఆ కింద చెమ్మకి ఉబ్బిన సిమెంటు. ఒక మూల బొగ్గుతో రాసిన అంకెలు. సూది ఆగిపోయింది. అది నీళ్ళ ట్యాంకరు డ్రైవరు నంబరు. గుమ్మం పక్కన రాసింది వాళ్ళత్త. ఏడు అంకె ఎప్పుడూ తిరగేసే రాస్తుంది.

తమ ఇంటి గోడే!

రెండు నెలల కిందట ఎవరో సందులో కెమెరాతో తిరుగుతూ "మీ గోడ అద్భుతం" అంటే, ఎగతాళి చేస్తున్నాడనుకుంది.

మధ్యాహ్నం డిజైనర్ పని చూడ్డానికొచ్చాడు. చూస్తే ఆ కెమెరా మనిషే. పెద్దక్క లేచి నిలబడింది.

"సార్, ఇది మా ఇల్లు."

అతని మొహం వెలిగిపోయింది. "నిజంగానా! కాలం గీసిన బొమ్మండీ అది."

"కాలం కాదు సార్, పైపు. పై వాటా పైపు పగిలి నాలుగేళ్ళు. బాగు చేయించమని ఓనరు చుట్టూ తిరిగి నా కాళ్ళరిగిపోయాయి."

"అయ్యో, దయచేసి ముట్టుకోకండి! ఆదివారం మోడల్‌తో అక్కడే ఫొటోలు. అలాగే ఉంచుతానని మీ ఓనరు మాటిచ్చాడు."

పెద్దక్కకి ఒళ్ళు మండిపోయింది. "ఆ గోడకి లోపలి పక్కనే మా అత్త పడుకుంటుంది. దగ్గి దగ్గి డొక్కలు పట్టేస్తున్నాయి. లోపలికొచ్చి చూశారా ఒక్కసారైనా?"

అతను వాచీ చూసుకున్నాడు. సూపర్‌వైజర్ కళ్ళతోనే కూర్చోమన్నాడు. కూర్చుంది గానీ సాయంత్రం దాకా ఒక్క అంచూ కుదరలేదు.

శనివారం సెలవు పెట్టి, తాపీపని చేసే మరిదిని పిలిచింది.

"ఓనరు ఊరుకుంటాడా వదినా?"

"ఊరుకోకపోతే వచ్చి ఇక్కడ ఒక్క రాత్రి పడుకోమను."

ముందు పైపు మార్చారు. పెచ్చులన్నీ గీకేసి సిమెంటు పూశారు. అత్త వీధిలో స్టూలేసుకుని, "ఆ మూల వదిలేశావురా" అంటూ చిన్నకొడుకుని నిలవనివ్వలేదు.

ఆదివారం కార్లొచ్చాయి. నున్నగా తడితడిగా ఉన్న బూడిదరంగు గోడ చూసి డిజైనర్ తన ఫోనులో పాత ఫొటో తీసి పోల్చుకున్నాడు. వెనకే ఓనరు కోపంతో ఊగిపోతూ వచ్చాడు.

"ఎవర్నడిగి చేశారు?"

"నాలుగేళ్ళు నిన్నే అడిగాం కదయ్యా" అంది అత్త, స్టూలు మీంచి లేవకుండానే.

చుట్టూ జనం పోగయ్యారు. ఓనరు గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. కార్లు ఇంకో గోడ వెతుక్కుంటూ పోయాయి.

సోమవారం పెద్దక్కని పట్టు బల్ల నుంచి తీసేసి దుప్పట్ల దగ్గర కూర్చోబెట్టారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు, ఆవిడా అడగలేదు. మొరటు దారం సూదిలోకి ఎక్కిస్తుంటే పక్కావిడ మెల్లగా అడిగింది.

"కోపం తగ్గిందా అక్కా?"

"తగ్గడమేంటి! మా వరసలో ఇంకా మూడిళ్ళ గోడలు ఇలాగే చెమ్మకి ఊడుతున్నాయి. వానలు పడేలోగా అవీ చేసెయ్యాలి. నీకు సెలవెప్పుడు?"