మనోరమ చేతి బోణీ

తెల్లవారకముందే మొగుడంపల్లి నుంచి ఆటోలో వచ్చి, జహీరాబాద్ మార్కెట్లో గోనెపట్టా పరిచి ఆకుకూరలు అమ్మే సంగమ్మకు నోరు పెద్దదని పేరు. ఊరికే రాలేదా పేరు. మెంతికూర వాడిందని ఎవరైనా మూతి తిప్పితే చాలు, వాళ్లను ఉతికి ఆరేసేది. అలాంటి మనిషికి ఆ పొద్దున నోరు పెగలడం లేదు.

కారణం ఎదురుగానే, అల్లం బస్తాల చాటున చేతిసంచి పట్టుకుని నిలబడి ఉంది. మనోరమ. ఏళ్ల తరబడి సంగమ్మకు బోణీ చేసింది ఆమే. ఆమె చెయ్యి పడ్డ రోజు ఎండెక్కకముందే గంప ఖాళీ అవుతుందని సంగమ్మ నమ్మకం. మొన్న వేసవిలో మనోరమ భర్త పోయాడు. ఆ తర్వాత ఆమె మార్కెట్టుకు రావడం ఇదే మొదలు. వచ్చింది గాని దగ్గరికి రావడం లేదు. ముందు ఇంకెవరైనా కొంటే అప్పుడు వద్దామని చూస్తోంది. భర్త పోయిన ఆడదాని చేత బోణీ చేయించుకోకూడదట. ఈ పాడు పట్టింపు ఎవడు పెట్టాడో గాని, వాడు ఏనాడూ ఇంట్లోకి కూరాకు తెచ్చి ఉండడు.

సంగమ్మకు శకునాలంటే లెక్క లేదని కాదు. పిల్లి ఎదురైతే ఆటో ఆపించే మనిషే. అయినా మనోరమను ఆ లెక్కలో వేయడానికి ఆమెకు మనసు రాలేదు. కేకేసి పిలుద్దామంటే, నలుగురిలో ఏడ్చి వెళ్లిపోతుందేమోనని భయం. అందుకే అమ్మకం ఆపేసింది. కొత్తిమీర అడిగిన హోటల్ బసవరాజ్‌కు కట్టలింకా విప్పలేదని చెప్పింది. విప్పిన కట్టలు వాడి కళ్లముందే ఉన్నాయి. పాలకూర కోసం వచ్చిన ఇంకో ఆమెనూ ఏదో చెప్పి పంపేసింది. పక్కన అల్లం అమ్మే మల్లప్ప, పాణం బాగలేదా అని అడిగితే, నీ అల్లం నువ్వు చూసుకోమంది.

అదంతా చూసిన మనోరమ ఇంకోలా అనుకుంది. సంచి మడిచి చంకలో పెట్టుకుని, లారీలు పోతున్న రోడ్డు వైపు తిరిగింది.

సంగమ్మ గంప ఎక్కడిదక్కడ వదిలేసి, పట్టేసిన మోకాళ్లతోనే పరుగులాంటి నడకతో వెళ్లి ఆ సంచి పట్టుకుంది.

"ఏడికి పోతున్నవక్కా?"

"నేను నిలవడ్డకాడికెల్లి నీకు గిరాకే అయితలేదు సంగమ్మా. వచ్చినోళ్లందరు ఉత్త చేతులతోనే పోతున్నరు. నేను పోత."

"వాళ్లను నేనే పంపిన. బోణీ నువ్వే చెయ్యాలె."

మనోరమ నేల చూస్తూ, "ఇప్పుడు గూడనా?" అంది.

"నీ చెయ్యేమన్న మారిందా అక్కా?"

చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, లేతగా ఉన్న పుంటికూర కట్టలు ఏరి సంచిలో వేసింది. మనోరమ నోటు తీసి, వంగి గోనెపట్టా అంచున పెట్టబోయింది.

"కింద పెట్టకు. చేతిల పెట్టు."

మనోరమ చేతిలోనే పెట్టింది. బోణీ నోటును కళ్లకద్దుకోవడం సంగమ్మకు రోజూ ఉన్న అలవాటే. ఆ రోజు మాత్రం నోటుతో పాటు ఆ చేతినీ వదలకుండా పట్టుకుని, రెండు కళ్లకూ అద్దుకుంది.